అంచు చూడు

బీసెంట్ రోడ్డు మీద బెల్టులమ్మే కుర్రాడు
లైటరు వెలిగించి బెల్టు కొసకి ఆనిస్తాడు.
కాలలేదు చూడండి సార్, ప్యూర్ లెదర్, నూటయాభై.
జనం మంటని నమ్ముతారు.
యోబు తాత నమ్మడు.
మంట పైపూతని పలకరించి పోతుందంట,
లోపల ఎవరున్నారో దానికేం తెలుసు.

పాత బస్టాండు ఎదురుగా, గొడుగు కింద,
నలభై ఏళ్లుగా ఆయన పరీక్ష ఒకటే.
కోసిన అంచు తిప్పి చూస్తాడు.
నారలు నారలుగా, అల్లుకున్న వేళ్లలా ఉంటే
తల ఊపుతాడు.
మధ్యలో గుడ్డపోగు తొంగిచూస్తే
చెప్పు తిరిగి చేతికిస్తాడు.
"సూది నిలవదమ్మా దీనికి.
జిగురు రాసిస్తా, వానలదాకా వస్తది."

నేను గవర్నర్‌పేటలో, ఏసీ షాపులో నిలబడతాను.
ట్రైనింగులో నాలుగు పేర్లు బట్టీ పట్టించారు:
ఫుల్ గ్రెయిన్, టాప్ గ్రెయిన్, స్ప్లిట్, బాండెడ్.
రాత్రి అన్నాల దగ్గర తాతకి అప్పజెప్పాను.
ఆయన పప్పు కలుపుకుంటూ తన మాటల్లోకి మార్చుకున్నాడు.
మొదటిది, పశువు ఎట్టా బతికిందో అట్టానే ఉన్న తోలు.
రెండోది, ముఖం గీకించుకున్న తోలు.
గాట్లు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్ది,
మిషను కింద పెట్టి, లేని రంధ్రాలు అచ్చేయించుకున్నది.
మూడోది, పైపొర ఎవరో పట్టుకుపోయాక మిగిలిన అడుగు.
నాలుగోది అని ఆగి, వేళ్లు నాకి,
"నేను ఊడ్చి పారబోసే పొడి గదే!
దానికీ పేరు పెట్టారా?"

పెట్టారు తాతా.
బంగారు అక్షరాలతో జెన్యూన్ అని కూడా కొడతారు.

నవ్వి నవ్వి పొలమారింది ఆయనకి.

మా షాపులో వాసన సీసాలో వస్తుంది.
పొద్దున షట్టరెత్తగానే రెండుసార్లు కొడతాను.
బ్యాగుని ముక్కుకి ఆనించి, కళ్లు మూసుకుని
"ఆహా, లెదర్ స్మెల్" అంటారు వచ్చినవాళ్లు.
సున్నమూ తంగేడు చెక్కా నానిన లంద పక్కనుంచి
మా తాత బడికెళితే
ఆ వరసంతా బల్ల మారేదట.
ఈ సంగతి కస్టమర్లకి చెప్పమని
ట్రైనింగులో లేదు.

మొన్న శనివారం ఒకాయన బ్యాగు వెనక్కి తెచ్చాడు.
పదకొండు వేల ఎనిమిదొందలది.
మూత మీద వంకర గీత, అరచేతి పొడవు.
"డ్యామేజి పీసు అంటగట్టావేంటమ్మా?"
తుమ్మముల్లు గీసుకుని ఉంటుంది సార్ అన్నాను.
ఫస్టు గ్రేడు సార్, గీకని తోలు సార్,
అందుకే ఆ గీత ఇంకా ఉంది సార్.
ఆయన వేలు అప్పటికే పక్క అరలో నిగనిగల్ని నిమురుతోంది.
"ఇది చూడు, ఎంత నీటుగా ఉందో."
అది స్ప్లిట్టు. ఆరువేలు.
దాన్నే పట్టుకెళ్లాడు, మిగతా డబ్బుకి మూడు బెల్టులూ.

గీత బ్యాగు సగం రేటుకి తీసుకుంటావా,
మూడు నెలల జీతంలో పట్టుకుంటా అన్నాడు ఓనరు.
తీసుకున్నాను. ఎందుకో అడిగితే చెప్పలేను.

రాణీగారితోటలో ఆ రాత్రి కరెంటు లేదు.
నేను సెల్లు టార్చి పట్టాను.
తాత అంచు చూశాడు.
తడివేలు ఆనించి, చుక్క ఇంకేదాకా ఆగాడు.
బొటనవేలితో నొక్కితే
చెరువులో రాయి పడ్డట్టు ముడతలు పాకి
మళ్లీ సర్దుకున్నాయి.
పొట్టతోలు ఇట్టా తిరిగిరాదు, అప్పులోడి మాటలా
సాగుతానే పోద్ది అన్నాడు.
గీత దగ్గర మాత్రం వేలు చాలాసేపు కదల్లేదు.

"ముల్లు కాదే ఇది. కాడి."

ఇంకాస్త వంగి, ముక్కు దగ్గరగా పెట్టుకుని,
"దాపటెద్దు" అన్నాడు.

నిజమో కాదో ఎవరు చెబుతారు.
నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.
బ్యాగు బోర్లించి పట్టీ మొదలు లాగి చూశాడు.
"తోలు మంచిది. కుట్టు దొంగది" అని
రంపెతో నైలాను దారం పటపటా కోసేశాడు.
కొత్త దారానికి మైనం పట్టిస్తుంటే
టార్చి పదకొండు శాతానికి వచ్చింది.
వెలుతురు ఇంకొంచెం కిందకి దించమన్నాడు.
ఆరె మొదటి పోటు దిగేముందు
ఎడమ అరచెయ్యి తెచ్చి
ఆ గీత మీద అడ్డం పెట్టుకున్నాడు.